ఊరికే కూర్చోవడానికి ఎత్తిపోతల దాకా

ఈస్టరు పండక్కి మా సుగుణ మాచర్ల నుంచి వచ్చి, పోతూ పోతూ ఒక మాట చెప్పి నా నిద్ర చెడగొట్టింది. దానికి అప్పుడు అయిదో నెల. తొలి కానుపు పుట్టింట్లో జరగడం మా వైపు ఆనవాయితీ. అట్లా కాకపోతే తల్లి ముఖం చూసి నలుగురూ నాలుగు ప్రశ్నలు అడుగుతారు. అదేమో పురుడు మాచర్లలోనే పోసుకుంటానని, గురజాల నుంచి అత్తగారిని పిలిపించుకుంటానని తేల్చేసింది. ఎందుకని అడిగితే, నీ ఇంట్లో పడుకోలేనమ్మా అంది. నేను మంచం సంగతనుకున్నాను. ఆ పూటే నులక విప్పించి బిగువుగా అల్లించాను. పాత చీరలు నాలుగు కలిపి బొంత కుట్టాను. అది చూసి నవ్వి, "మంచం కాదమ్మా, నువ్వు" అని చెప్పి బస్సెక్కింది.

నేను ఒకచోట కుదురుగా ఉండే మనిషిని కాను. ఇంట్లో ఎవరైనా పగటిపూట నడుం వాలిస్తే జ్వరమా అని అడుగుతాను. అది జబ్బు కనుక్కోవడమే గాని తిట్టడం కాదని నా నమ్మకం. బాలింతను మాత్రం పనికి లేపుతానా? నలుగురిని కని పెంచిన దాన్ని. అయినా కూతురు అంత మాట అన్నాక ఏదో ఒకటి చేసి దాని మనసు తిప్పాలనుకున్నాను.

సమయానికి మా చర్చి స్త్రీల సమాజంలో ఒక పద్ధతి పెట్టారు. అయ్యగారి భార్యను మేమంతా అమ్మగారంటాం. వేసవిలో ఒంటికి విశ్రాంతి, మనసుకు సంతోషం కలిగేలా ఎవరు ఏం చేయదలిచారో లేచి పైకి చెప్పాలని, చెప్పాక తప్పకూడదని ఆమె అన్నారు. ఒకామె రోజూ సాయంత్రం పిల్లల్ని కూర్చోబెట్టుకుని పాటలు పాడతానంది. ఇంకొకామె నెలంతా అత్తగారితో పోట్లాడనంది. ఆ అత్తగారు పక్కనే ఉంది, చూద్దాంలే అంది. నా వంతు వచ్చినప్పుడు లేచి, మాచర్ల పోయి పనేమీ ముట్టుకోకుండా కూతురి దగ్గర పది రోజులు చుట్టంలాగా ఉంటానని, ఎత్తిపోతల జలపాతం దగ్గర ఊరికే కూర్చుని వస్తానని చెప్పాను. గదంతా నవ్వులు. మా ఎదురింటి మార్తమ్మ, "అత్తా, నువ్వు ఊరికే కూర్చుంటే ఆ పారే నీళ్ళు గూడా నిలబడి చూస్తయ్యి" అంది.

అమ్మగారు మాత్రం నవ్వలేదు. ఎట్లా వెళ్ళాలో, అక్కడ ఏముందో తిరిగొచ్చి రాసిమ్మన్నారు, వెళ్ళదలిచిన వాళ్ళకు పనికొస్తుందని. నేను చదివింది మూడో తరగతి. కనుక ఇందులో పెద్ద మాటలు ఉండవు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

మే నెల రెండో వారంలో బయలుదేరాను. మా పేట నుంచి పిడుగురాళ్ళకు మొదటి బస్సు తెల్లవారుజామున అయిదున్నరకు. దానికే వెళ్ళండి. తర్వాతి బస్సుకు వెళితే రైలు తప్పుతుంది, ఎండా తగులుతుంది. నా దగ్గర చిన్న ట్రంకు పెట్టె, మంచినీళ్ళ కూజా, ఒక గోనె సంచి ఉన్నాయి. సంచిలో రెండు వీశెల కొత్త చింతపండు, గింజలు తీయనిది. చింతపండుకు గింజలు తీయడం, మిరపకాయలకు తొడిమలు తీయడం, కందుల్లో రాళ్ళేరడం మా పల్నాటి ఆడవాళ్ళ లెక్కలో పనులు కావు. నిలబడి చేసేది పని, కూర్చుని చేసేది విశ్రాంతి. ఎత్తిపోతల దగ్గర విశ్రాంతికి కావలసిన సరంజామా నేనే మోసుకుపోతున్నానని తృప్తిగా ఉంది.

కండక్టరు ఆ సంచికి వేరే టిక్కెట్టు కొడతానన్నాడు. "అది సామాను కాదు నాయనా, కాలక్షేపం" అన్నాను. "రెండు వీశెల కాలక్షేపానికి టిక్కెట్టు కొట్టాల్సిందే అవ్వా" అన్నాడు. పనులు మానతానన్నాను గాని బేరం మానతానని సమాజంలో చెప్పలేదు. సంచి కాళ్ళ మధ్య పెట్టుకుంటే చార్జీ లేదని వాడి చేతే ఒప్పించేసరికి ఊరు దాటాం. ఆ రోజుకు కావలసిన సంతోషం నాకు అక్కడే సగం దొరికింది.

పిడుగురాళ్ళ చేరేసరికి ఎనిమిదయింది. సున్నపు బట్టీల పొగ, తెల్లటి దుమ్ము. చెట్ల ఆకులకు కూడా సున్నం కొట్టినట్టుంటుంది. స్టేషనుకు నడిచిపోవచ్చు, జట్కా అక్కర్లేదు. గుంటూరు నుంచి మాచర్ల పోయే రైలు తొమ్మిదింటికని చెప్పారు, పదికి వచ్చింది. ఈలోగా వేపచెట్టు కింద ఇంటి నుంచి తెచ్చుకున్న చద్దన్నం, ఉల్లిపాయ తిన్నాను. స్టేషనులో దొరికే ఇడ్లీ చూశాను. చూసి ఊరుకున్నాను.

మూడో తరగతి పెట్టెలో కిటికీ పక్క చోటు దొరికింది. కొయ్య బల్ల అప్పటికే కాలుతోంది. ఎదురుగా రెంటచింతల పెద్దమనిషి ఒకాయన, తలకు తడి కండువా చుట్టుకుని కూర్చున్నాడు. ఎండాకాలం విశ్రాంతికి మాచర్ల పోతున్నానంటే నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. ఎండ తప్పించుకోవడానికి జనం సముద్రం వైపు పోతారు గాని ఇటు వస్తారా అని ఆయన అనుమానం. "మా ఊళ్ళో కోళ్ళు గుడ్లు పెట్టవమ్మా, ఉడికించిన గుడ్లే పెడతయ్యి" అన్నాడు. ఉప్పు కూడా వేసి పెడతాయా అని అడిగాను. పెట్టెలో ఉన్న వాళ్ళంతా నవ్వారు. ఆయన కూజా వంక చూస్తుంటే గ్లాసుడు నీళ్ళు పోశాను.

నడికుడి దాటి గురజాలలో రైలు ఆగగానే మా వియ్యపురాలు రాహేలమ్మ ఎక్కింది. సుగుణ అత్తగారు. నేను వస్తున్నానని తెలిసి తానూ మాచర్ల బయలుదేరింది. ఆమె ఎక్కడమంటే ముందు తాటిముంజల గెల ఎక్కింది, తర్వాత విసనకర్ర, తర్వాత నవ్వు, ఆఖరున మనిషి. నాకంటే నాలుగేళ్ళు పెద్దది, రెండింతలు లావు. వియ్యపురాళ్ళం కాబట్టి ఒకరినొకరం వదినా అని పిలుచుకుంటాం, ఎంత మాటైనా అనుకుంటాం. మధ్యాహ్నం భోజనం కాగానే కొంగు పరుచుకుని గుర్రు పెట్టే మనిషి. సుగుణకు ఆమె దగ్గర హాయిగా ఉంటుందట. ఈ మాట విన్నప్పటి నుంచి ఆమె గుర్రు నాకు మరీ పెద్దగా వినిపిస్తోంది.

కూర్చోగానే కాలితో నా సంచి తట్టి చూసి, "ఏంది వదినా, ఇప్పుడు తెచ్చావా కట్నం" అంది.

చింతపండని చెప్పాను. ఎత్తిపోతల దగ్గర విశ్రాంతిగా కూర్చుని గింజలు తీసుకుంటానన్నాను.

"విశ్రాంతికి పోతా పని మూటగట్టుకున్నదాన్ని నిన్నే జూశా."

"కూర్చుని జేసేది పనేంది వదినా?"

ఆమె ఒక ముంజ చిదిమి నా చేతిలో పెట్టింది. రెంటచింతల పెద్దమనిషికీ ఒకటి ఇచ్చింది. పన్నెండు దాటాక మాచర్లలో దిగాం.

మాచర్ల ఇళ్ళ సంగతి తెలియని వాళ్ళకు చెప్పాలి. నేల నాపరాయి, అరుగు నాపరాయి, కొన్నిళ్ళకు కప్పు కూడా నాపరాయే. మధ్యాహ్నం ఇల్లు రొట్టెల పెనంలా ఉంటుంది. గోనెపట్టాలు తడిపి తలుపులకు కట్టుకుంటే కాస్త మేలు. మా అల్లుడు ప్రకాశం సాగర్ ప్రాజెక్టులో గుమాస్తా, తెల్లవారకముందే లారీలో పోయి చీకటిపడ్డాక వస్తాడు. సుగుణ బడిపంతులమ్మ, సెలవుల్లో ఉంది. చెంబుతో నీళ్ళు తెచ్చి ఇద్దరికీ కాళ్ళకిచ్చి, వంటింటి వైపు వెళ్ళబోతూ ఒకసారి వెనక్కి తిరిగి నన్ను చూసింది. నేను లేస్తానేమోనని. లేవలేదు. గోడకు ఆనుకుని రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని, ఫోటో తీయించుకునే వాళ్ళలా కూర్చున్నాను.

ఆ మధ్యాహ్నం నా జీవితంలో చాలా పొడవైనది. భోజనం కాగానే వదిన పడుకుంది. నేనూ పడుకుని కప్పు వైపు చూశాను. మూలన బూజు కనిపించింది. కళ్ళు మూసుకున్నాను, మూసుకున్నా బూజే. వంటింట్లో సుగుణ చారుకు మూత పెట్టలేదని చప్పుడును బట్టి తెలుస్తోంది. పెరట్లో ఆరేసిన దుప్పటి ఎండకు తగలడిపోతోంది. నోరు మాత్రం విప్పలేదు. సాయంత్రం అల్లుడొచ్చి, అత్తయ్యా ఒంట్లో బాగుందా అని కంగారుపడ్డాడు. సుగుణ ముఖం చూస్తే మెచ్చుకున్నట్టు లేదు. నేను బిగపట్టుకుని ఉన్నానని దానికి తెలుసు.

మర్నాడు ఆరింటికి సాగర్ పోయే బస్సులో ఎత్తిపోతలకు బయలుదేరాం, ఆడవాళ్ళం ముగ్గురం. ఆనకట్ట కూలీలతో బస్సు కిక్కిరిసి ఉంది. పిల్ల ఒట్టి మనిషి కాదని చెప్పగానే నదికి అవతల, నల్గొండ వైపు మనిషి ఒకాయన లేచి సుగుణకు చోటిచ్చాడు. అరగంట ప్రయాణం. డ్రైవరుకు ముందే చెప్పి పెట్టుకోండి, లేకపోతే నేరుగా ఆనకట్ట దగ్గర దింపుతాడు. రోడ్డు మీద దిగి కొంచెం నడవాలి. కిందికి దిగితే మడుగు ఉంది, మొసళ్ళున్నాయంటారు. సుగుణతో దిగడం మంచిది కాదని పైనే, జలపాతం ఎదురుగా కనిపించే చోట చెట్ల నీడన చాప పరుచుకున్నాం. తిండి వెంట తీసుకువెళ్ళాలి, అక్కడేమీ దొరకదు. మేము పెరుగన్నం, మామిడికాయ ముక్కలు పట్టుకెళ్ళాం.

జలపాతం గురించి గొప్పగా విన్నాను. వానాకాలంలో చూసిన వాళ్ళు చెప్పినంత లేదు. ఎండాకాలం కదా, మూడు నాలుగు పాయలు, జడలు విప్పినట్టు సన్నగా, తెల్లగా రాతి మీద నుంచి జారుతున్నాయి. కాని ఆ చప్పుడు ఆగదు. చుట్టూ కొండలు ఎండి చిటపటలాడుతుంటే, ఇంత నీరు ఎక్కడి నుంచి వస్తోందో, ఎవరి పొలానికీ పారకుండా ఎందుకు పడుతోందో అనిపించింది. వృథా అని పైకే అన్నాను. నీళ్ళనైనా ఊరికే ఉండనియ్యవా అంది వదిన.

నీడ కుదిరాక సంచి విప్పాను. చాప మీద గుడ్డ పరిచి చింతపండు పోసుకుని, చిన్న కత్తితో ఒక్కొక్క కాయ చీల్చి గింజ తీయడం మొదలుపెట్టాను. రెండు రోజుల్లో మొదటిసారి ప్రాణం కుదుటపడింది. ఇదే కదా విశ్రాంతి, ఎదురుగా జలపాతం కూడా ఉంది అనుకున్నాను.

పావుగంట కూడా గడవలేదు. పడుకున్న సుగుణ లేచి నా పక్కకు జరిగింది. నీళ్ళవైపే చూస్తూ ఒక కాయ అందుకుంది, చీల్చింది, గింజ తీసింది. ఇంకొకటి అందుకుంది. నడుం నొప్పేమో, ఎడమచేత్తో వీపు పట్టుకుని కుడిచేత్తో తీస్తోంది.

పడుకోమని చెప్పాను. పడుకుంది. కాసేపటికి మళ్ళీ లేచింది. నిన్నెవరు తీయమన్నారని కసురుకున్నాను.

సుగుణ చేతిలో కాయ కింద పెట్టింది. "ఎవరూ తీయమన్లేదమ్మా. చిన్నప్పట్నించీ నువ్వెప్పుడూ తీయమన్లేదు. నువ్వు చేస్తా ఉంటే నేను పడుకోలేను, అంతే. నా చేతులు వాటంతటవే వస్తయ్యి. రేపు బిడ్డ పక్కన పడుకుని ఉన్నా, పెరట్లో నీ చాట చప్పుడు వినపడితే లేచొస్తా. అందుకే అన్నా, నీ ఇంట్లో పడుకోలేనని."

బాలింతకు పని చెప్పనని నేను ప్రమాణం చేయగలను. దాని భయం నేను పని చెప్తానని కాదు. నేను పని మాననని. ఇన్నాళ్ళూ కూతుర్ని బాగా పెంచానని గర్వపడింది ఈ అలవాటు చూసే. నలుగురూ మెచ్చుకున్నదీ దీన్నే.

వదిన అంతవరకూ కళ్ళు మూసుకునే ఉంది. లేచి కూర్చుని, చింతపండంతా గుడ్డతో సహా మూటగట్టి సంచిలో కుక్కింది. మూతి బిగించి, ఆ సంచి తల కింద పెట్టుకుని మళ్ళీ పడుకుంది.

"వదినా, అది తినే వస్తువు" అన్నాను.

"నా తలకాయ గూడా తినే వస్తువే. నా కొడుకు రోజూ తింటన్నాడు" అంది. రెండు నిమిషాల్లో గుర్రు. ఆమె తల కింద నుంచి ఏదైనా లాగాలంటే ఇద్దరు మగవాళ్ళు కావాలి.

ఇక నాకు చేయడానికి ఏమీ లేదు. చాప అంచు సరిచేశాను. కూజా మూత సరిచేశాను. సుగుణ నన్నే చూస్తోంది, నేను నీళ్ళవైపు తిరిగాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కాసేపు మోకాళ్ళ కింద పెట్టుకున్నాను. నీళ్ళు పడుతున్నాయి. ఒక పాయ గాలికి పక్కకు ఊగి మళ్ళీ తన చోటికి వచ్చింది. నీలం రంగు పిట్ట ఒకటి తడి రాతి మీద వాలి, తోక ఆడించి పోయింది. అది మళ్ళీ వస్తుందేమోనని చూశాను. వచ్చింది. దానితో నాకేమీ పని లేదు, అయినా వచ్చినందుకు సంతోషం వేసింది. పక్కకు చూస్తే సుగుణ కళ్ళు మూతలు పడుతున్నాయి. చేతులు పొట్ట మీద ఉన్నాయి, కదలడం లేదు. కదిలితే లేస్తుందేమోనని నేనూ కదలలేదు.

తర్వాత నాకు తెలియదు. కళ్ళు తెరిచేసరికి ఎండ కొండకు అవతలి వైపు తిరిగింది. మేము ఎక్కవలసిన మధ్యాహ్నం బస్సు ఎప్పుడో పోయింది. నేను నోరు తెరుచుకుని పడుకున్నానని, ముక్కు మీద ఈగ వాలినా కదల్లేదని, చూడటానికి వచ్చిన పిల్లలు పెద్దమ్మ బతికే ఉందా అని అడిగారని వదిన చెప్పింది. లేపలేదేమని అడిగాను. "నేను లేపనీలేదు" అంది సుగుణ. ఈసారి మాత్రం దాని ముఖం మెచ్చుకున్నట్టే ఉంది. సాయంత్రం అయిదింటి బస్సుకు తిరిగొచ్చాం.

మిగిలిన రోజులు తేలిగ్గా గడిచాయని చెప్పను. బూజు బూజుగానే ఉంది. వదిన మధ్యాహ్నాలు అష్టాచెమ్మా నేర్పింది, నేర్పిన మర్నాటి నుంచి ఓడిపోతూ ఉంది. సుగుణ మా ఇద్దరి మధ్య పడుకుని ఎవరు దొంగాట ఆడారో తీర్పు చెప్పేది, తీర్పు మధ్యలోనే నిద్రపోయేది. ఆ చింతపండు గింజలతోనే సుగుణ డబ్బాలోకి పోయింది. పులుసులో ఎంత వేస్తుందో, ఎంత పిప్పి పారేస్తుందో చూడకుండా వచ్చాను. అది నేను చేసిన అతి కష్టమైన పని.

తిరుగు ప్రయాణం నాడు పొద్దుటి రైలుకు సుగుణ, అల్లుడు స్టేషనుకు వచ్చారు. వదిన కూడా గురజాల దాకా నాతోనే. నేను పురుడు మాట ఎత్తలేదు. ఎత్తితే ఎక్కడ మాచర్లే అంటుందోనని భయం. రైలు కూత వేశాక కిటికీ దగ్గరకొచ్చి ఆ మాట సుగుణే ఎత్తింది.

"ఏడో నెల రాగానే పేటకొస్తానమ్మా. మంచం అట్లాగే ఉంచు."

సరేనని తల ఊపాను. ఆ ఊపు పూర్తికాకముందే వదిన నా భుజం మీద నుంచి కిటికీలోకి వంగింది.

"నేనూ వస్తన్నానే అమ్మాయ్. ఈమెను నమ్మేదానికి లేదు. నేను కాపలా ఉంటా. పని చేసేదానికి కాదు, చెయ్యనీకుండా."

ఏడో నెల నుంచి పురుడు తీరేదాకా అంటే అయిదారు నెలలు. ఆ మనిషి తిండి, ముంజలు, గుర్రు, అన్నీ నా ఇంట్లో. లెక్క వేసుకుంటే గుండె గుభేలుమంది. అయినా, తప్పకుండా రండి వదినా అన్నాను. రైలు కదిలింది. గురజాలలో దిగేటప్పుడు ఆమె మళ్ళీ ఒకసారి, నాకు మెత్తటి దిండు కావాలని చెప్పి దిగింది.

వెళ్ళదలిచిన వాళ్ళకు చివరిగా ఒక మాట. రైలు కష్టం లేదు, బస్సు కష్టం లేదు, ఎండ కూడా అలవాటయ్యేదే. ఊరికే కూర్చోవడమే కష్టం. మొదటి గంట ఒళ్ళంతా చీమలు పాకినట్టుంటుంది, లేవకండి. మీ వెంట కూతురుంటే అసలు లేవకండి. వాళ్ళు మన నోరు చూసి నేర్చుకోరు, చేతులు చూసి నేర్చుకుంటారు. నా కూతురికి ఇన్నేళ్ళలో నేను చూపించని పని అదొక్కటే, పడుకోవడం.

పిడుగురాళ్ళలో పేట బస్సెక్కి, దారి సగం కూడా చూడలేదు. నిద్రపోయాను. కండక్టరు భుజం తట్టి లేపాడు. బస్సు ఖాళీగా ఉంది, అందరూ దిగిపోయారు.

"పేట వచ్చింది మామ్మా. దిగు, షెడ్డుకు పోవాలి."

పోదువుగానిలే నాయనా అన్నాను. కొంగు సర్దుకుని, కళ్ళు నులుముకుని, తీరిగ్గా దిగాను.